వణికే గొంతుకి పీట వేసిందెవరు?

యూట్యూబులో ఆ వీడియో మీకూ ఎప్పుడో తగిలే ఉంటుంది. నల్లకోటు వేసుకున్న ఒక ముసలాయన, ఉబ్బిన మొహం, ముందు బల్ల నిండా విందుభోజనం. చెయ్యి వణుకుతూ ఉంటే గ్లాసులో ఉన్న వైన్‌ని ఆ భోజనం మీదే ఒలకబోస్తాడు. మెట్ల మీద నిలబడి భార్య ఆయన్నే చూస్తుంటుంది. మధ్యమధ్యలో ఆయన పడుచుతనంలో రైలెక్కి తిరిగిన పాత ఫిల్ము ముక్కలు. ఆఖర్న పియానో మూత మూసేసి దాని మీద చేతులు ఆనిస్తాడు.

అమెరికా పల్లె సంగీతం ‘కంట్రీ’లో పేరుమోసిన గాయకుడు జానీ క్యాష్ పాడిన ‘హర్ట్’ అది. ఎవరిని కదిపినా దాని గురించి చెప్పే కథ ఒక్కటే. భార్య పోయిన దుఃఖంలో, చావు ముంగిట కూర్చుని, తన బతుకు మీద తానే రాసుకుని పాడిన ఆఖరి పాట అని.

ఆ కథలో మాటకో తప్పు ఉంది. పాట ఆయన రాసింది కాదు. వీడియో తీసేనాటికి భార్య జూన్ కార్టర్ బతికే ఉంది, అందుకే కదా మెట్ల మీద కనిపిస్తోంది. ఆఖరి పాట అంతకన్నా కాదు. ఆ తర్వాత కూడా ఆయన నెలల తరబడి పాడుతూనే ఉన్నాడు, అవి పోగేసి ఆయన పోయాక ఇంకో రెండు ఆల్బమ్‌లు వేశారు. ఇన్ని తప్పులున్నా, ఆ వీడియో చూస్తున్నంతసేపూ మనకు ఆ కథే నిజమనిపిస్తుంది. ఎందుకు అనిపిస్తుందో చూద్దాం. దానికి ‘హర్ట్’ ఉన్న ఆల్బమ్ దగ్గరికి వెళ్లాలి. 2002 నవంబర్‌లో వచ్చింది, పేరు ‘అమెరికన్ ఫోర్: ద మ్యాన్ కమ్స్ అరౌండ్’. దానికంటే ముందు, ఆ మనిషి ఎక్కడ పడిపోయాడో చూడాలి.

క్యాష్ 1932లో అర్కన్సాలో పుట్టాడు. ఆర్థికమాంద్యం రోజుల్లో ప్రభుత్వం పేద రైతులకు భూములిచ్చి కట్టించిన డైస్ అనే కాలనీలో పెరిగాడు. పత్తి చేలో పని, అమ్మ పాడే చర్చి పాటలు, తనకు పన్నెండేళ్లప్పుడు రంపం ప్రమాదానికి బలైన అన్న జాక్. ఈ మూడూ జీవితాంతం ఆయన పాటల్లోంచి పోలేదు. 1955లో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్‌లో మొదటి రికార్డు. 1968లో ఫాల్సమ్ జైల్లో, మరుసటి ఏడు శాన్ క్వెంటిన్ జైల్లో ఖైదీల ముందు చేసిన కచేరీలు ఆయన్ని ప్రపంచానికి పరిచయం చేశాయి. టీవీలో సొంత షో. 48 ఏళ్లకే కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్.

ఆ తర్వాత జారుడుబండ. హాల్ ఆఫ్ ఫేమ్ అంటే గౌరవమే, కానీ ఒక రకంగా దండ వేసి గోడకి తగిలించడం కూడా. 1984లో ‘చికెన్ ఇన్ బ్లాక్’ అని ఒక పాట పాడించారు. క్యాష్ మెదడు తీసి కోడికి పెడతారు, బ్యాంకు దొంగ మెదడు క్యాష్‌కి పెడతారు, అదీ పాట. వీడియోలో ఆయనకి సూపర్‌హీరో వేషం కట్టారు. జైలు ఖైదీల చేత కన్నీళ్లు పెట్టించిన గొంతుకి ఇదీ గతి. 1986లో కొలంబియా రికార్డు కంపెనీ 28 ఏళ్ల సంబంధం తెంపేసుకుంది. తర్వాత మెర్క్యురీ సంస్థలో చేసిన రికార్డులు ఎవరి చెవినా పడలేదు. కంట్రీ రేడియోకి అప్పటికి కౌబాయ్ టోపీ పెట్టిన కుర్ర గాయకులు కావాలి. అరవై దాటినవాళ్ల కొత్త పాట వేసే స్టేషన్ దాదాపు లేదు.

అలాంటప్పుడు 1993లో కాలిఫోర్నియాలో ఒక కచేరీ అయ్యాక గుబురుగడ్డం కుర్రాడొకడు ఆయన్ని కలవడానికి వచ్చాడు. పేరు రిక్ రూబిన్. క్యాష్ కంటే 31 ఏళ్లు చిన్న. కాలేజీ హాస్టల్ గదిలోంచి డెఫ్ జామ్ అనే హిప్‌హాప్ కంపెనీ నడిపినవాడు, రన్ డీఎంసీకీ బీస్టీ బాయ్స్‌కీ రికార్డులు చేసినవాడు, స్లేయర్ లాంటి చెవులు పగిలే మెటల్ బ్యాండ్‌ని వెలుగులోకి తెచ్చినవాడు. కంట్రీ సంగీతంతో అతనికి ఏ చుట్టరికమూ లేదు.

కానీ రూబిన్ గురించి ఒక చిన్న సంగతి తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. 1985లో ఎల్ఎల్ కూల్ జే అనే ర్యాపర్ మొదటి ఆల్బమ్ మీద అందరూ ‘నిర్మాత’ అని వేసుకునేచోట అతను తన పేరు ముందు ఏం వేసుకున్నాడంటే, ‘తగ్గించినది’ అని. రెడ్యూస్డ్ బై రిక్ రూబిన్. ఇరవై రెండేళ్ల వయసులో చేసిన తుంటరి పని అనుకోవచ్చు. కానీ అతని పనితనం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. డ్రమ్, గొంతు, మధ్యలో ఖాళీ. పాటకు ఏం కలపాలని కాదు, ఇంకేం తీసేయొచ్చని ఆలోచించే మనిషి.

క్యాష్‌ని తన ఇంటి ముందుగదిలో సోఫా మీద కూర్చోబెట్టి, గిటారు చేతికిచ్చి, నీకు నచ్చినవన్నీ పాడమన్నాడు. వేరే సంగీతకారులతోనూ ప్రయత్నించి చూశారు. చివరికి ఒంటరిగా పాడినవే బాగున్నాయని తేల్చుకున్నారు. కొన్ని ఆ ఇంట్లో, కొన్ని టెన్నెసీలోని హెండర్సన్‌విల్‌లో క్యాష్ సొంత కేబిన్‌లో, రెండు మాత్రం లాస్ ఏంజెలెస్‌లోని వైపర్ రూమ్ అనే క్లబ్బులో జనం ముందు. 1994 ఏప్రిల్‌లో ‘అమెరికన్ రికార్డింగ్స్’ పేరుతో 13 పాటలు వచ్చాయి. ఒక గొంతు, ఒక గిటారు. నలభై ఏళ్లుగా పాడుతున్న మనిషిని అంత దగ్గర నుంచి జనం అప్పుడే మొదటిసారి విన్నారు.

ఇక్కడే మొదటి ముడి ఉంది. ‘ఉన్నదున్నట్టు పాడాడు, అందుకే నిజంగా ఉంది’ అంటాం. ఉన్నదున్నట్టు అనిపించడానికి ఎంత పని పడుతుందో కాస్త చూడండి.

మనిషి మైక్‌కి బాగా దగ్గరగా వచ్చి పాడితే గొంతులోని మంద్రం పెరుగుతుంది. స్టూడియోల్లో వాడే చాలా మైకుల లక్షణమే అది. ఆ తర్వాత రికార్డింగ్‌ని ‘కంప్రెస్’ చేస్తారు, అంటే గట్టి శబ్దాల్ని అణచి, చిన్న శబ్దాల్ని పైకి లేపుతారు. అప్పుడు పెదాలు విడివడే చప్పుడు, ముక్కుతో లోపలికి పీల్చే గాలి, మాట చివర గొంతు చిరగడం, అన్నీ వినపడతాయి. పక్కన కూర్చున్న మనిషి చెవిలో చెప్పినట్టు ఉంటుంది. నిజానికి ఏ మనిషీ ఎదురుగా కూర్చుని పాడినా మనకి అలా వినపడదు. మనం సహజం అనుకునేది యంత్రం దగ్గరగా జరిగి విన్నది. వయసు మీద పడ్డ గొంతుకి ఈ పద్ధతి మరీ కుదురుతుంది. ఊపిరితిత్తుల బలం తగ్గి పెద్ద వాక్యం ఒక్క ఊపిరిలో రాదు, స్వరతంతువులు పలచబడి స్వరం నిలవదు. వెనక ఆర్కెస్ట్రా ఉంటే ఇవన్నీ లోపాలు. వెనక ఏమీ లేకపోతే అవే పాటలో సంగతులు.

అమ్మకంలోనూ అంతే ఆలోచన ఉంది. తొలి పాట ‘డీలియాస్ గాన్’ వీడియోలో సూపర్‌మోడల్ కేట్ మాస్ చేత శవంగా నటింపజేశారు. దాన్ని ఎంటీవీ కుర్రకారు కోసం తీశారు. నల్లబట్టలు, జైళ్లు, హత్యల పాటలు. పాతికేళ్ల నాటి ‘మ్యాన్ ఇన్ బ్లాక్’ వేషాన్నే దుమ్ము దులిపి మళ్లీ కట్టారు. ఆ ‘డీలియాస్ గాన్’ కూడా కొత్తది కాదు, 1962లోనే క్యాష్ ఒకసారి రికార్డు చేశాడు. ఇదంతా చెప్పి ఆయన్ని నటుడని తేల్చడం నా ఉద్దేశం కాదు. కూచిపూడి కళాకారుడు ముఖానికి రంగు వేసుకుంటే అబద్ధం చెప్తున్నాడని ఎవరంటారు? రంగు వేసినట్టు తెలియకుండా వేయడం రూబిన్ నేర్పు. ఆ రంగు ఉందని తెలుసుకుని వినడం మన పని.

ఈ ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది, కానీ కంట్రీ విభాగంలో కాదు, ఫోక్ విభాగంలో. కంట్రీ సంగీత పరిశ్రమకి గుండెకాయలాంటి నాష్‌విల్ నగరం ఆయన్ని తన వాడు అనుకోవడం మానేసిందన్నమాట. రెండోది ‘అన్‌చెయిన్డ్’ 1996లో టామ్ పెట్టీ బృందంతో చేశాడు. అది 1998లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్ గ్రామీ గెలిచింది. కంట్రీ రేడియో మాత్రం వేస్తే ఒట్టు. అప్పుడు రూబిన్ కంపెనీ బిల్‌బోర్డ్ పత్రికలో ఒక పూర్తి పేజీ ప్రకటన ఇచ్చింది. శాన్ క్వెంటిన్ జైల్లో 1969లో క్యాష్ కెమెరాకి మధ్యవేలు చూపిస్తున్న ఫోటో, కింద నాష్‌విల్ సంగీత పెద్దలకీ కంట్రీ రేడియోకీ మీ ఆదరణకు ధన్యవాదాలు అని. మన పెళ్లిళ్లలో పిలవని చుట్టానికి శుభలేఖ పంపినట్టుంది.

1997 నుంచి ఒళ్లు మొరాయించడం మొదలైంది. ముందు షై-డ్రేగర్ అనే నరాల జబ్బు అన్నారు, తర్వాత కాదు, మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నాయని మాట మార్చారు. పదేపదే న్యుమోనియా. చూపు మందగించింది. కచేరీలు ఆగిపోయాయి. మూడో ఆల్బమ్ 2000లో వచ్చేసరికి గొంతులో ఆ గండి స్పష్టంగా వినిపిస్తుంది. ఇక నాలుగోది పాడేనాటికి ఆయనకి 70.

నాలుగో ఆల్బమ్ గురించి మనకి తెలిసిన మాట, ముసలి కంట్రీ గాయకుడు కుర్ర రాక్‌వాళ్ల పాటలు పాడాడని. నైన్ ఇంచ్ నెయిల్స్ ‘హర్ట్’, డిపేష్ మోడ్ ‘పర్సనల్ జీసస్’, స్టింగ్ ‘ఐ హంగ్ మై హెడ్’. నిజమే. రూబిన్ పాటలు ఏరి పంపేవాడు, క్యాష్ విని కొన్ని తోసేసేవాడు, కొన్ని తీసుకునేవాడు. కానీ 15 పాటల జాబితా నెమ్మదిగా చూస్తే ఇంకోటి బయటపడుతుంది. అందులో కనీసం ఆరు క్యాష్ తానే అంతకుముందెప్పుడో రికార్డు చేసినవి. ‘ఐయామ్ సో లోన్‌సమ్ ఐ కుడ్ క్రై’ 1960లో పాడాడు. ‘డ్యానీ బాయ్’, ‘శామ్ హాల్’, ‘స్ట్రీట్స్ ఆఫ్ లరేడో’ మూడూ 1965లో. ‘టియర్ స్టెయిన్డ్ లెటర్’ 1972లో. అంటే ఈ ఆల్బమ్‌లో సగానికి దగ్గరగా ఒక మనిషి తన పాత గొంతుకి జవాబు చెప్పుకోవడమే. అందరూ ‘హర్ట్’ దగ్గరే ఆగిపోతారు గానీ, నన్నడిగితే అసలు సంగతి ఆ ఆరింటిలో ఇంకా చెప్పని పాట దగ్గర ఉంది. అదే ‘గివ్ మై లవ్ టు రోజ్’.

1957లో, 25 ఏళ్లప్పుడు, క్యాష్ రాసి సన్ రికార్డ్స్‌లో పాడిన పాట ఇది. కథ చిన్నది. ఒకడు రైలుపట్టాల పక్కన చావుబతుకుల్లో పడి ఉన్న మనిషిని చూస్తాడు. పడినవాడు పదేళ్లు జైల్లో ఉండి విడుదలై, లూసియానాలో ఉన్న భార్య రోజ్ దగ్గరికీ, సరిగా ఎరగని కొడుకు దగ్గరికీ వెళ్తున్నాడు. చేరలేనని తెలిసి, ఎదురైనవాడి చేతిలో నాలుగు మాటలు పెడతాడు. రోజ్‌కి నా ప్రేమ చెప్పు, నా డబ్బు తీసుకెళ్లి వాళ్లకివ్వు, నా కోసం ఎదురుచూసినందుకు కృతజ్ఞతలు చెప్పు, ఇంకో తోడు వెతుక్కోమను.

ఇప్పుడు రెండు రికార్డులూ ఒకదాని వెనక ఒకటి వినండి. 1957లో వెనక ఆ టక-టక రైలు దరువు ఉంటుంది. క్యాష్ గిటారు తీగల కింద కాగితం దూర్చి డ్రమ్ములా మోగించేవాడు, ఆ శబ్దం అది. గొంతు బలంగా, నిటారుగా ఉంటుంది. ఆ గొంతు ఎవరిది? దారినపోయే వాడిది. చూశాడు, విన్నాడు, మనకి చెప్తున్నాడు. చెప్పి తన దారిన తాను పోతాడు. 2002లోనూ కథ అదే. కానీ పడి ఉన్నవాడి మాటలు మొదలయ్యేచోట ఊపిరి తెగుతుంది, పాదం మధ్యలో గాలి కోసం ఆగుతుంది, అడుగు స్వరం అందీ అందక నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. ఇప్పుడు దారినపోయేవాడు కనపడడు. పట్టాల పక్కన పడి ఉన్నవాడే పాడుతున్నాడు. 45 ఏళ్లలో గాయకుడు కథలో ఒక మనిషిలోంచి ఇంకో మనిషిలోకి మారిపోయాడు. 2003లో గ్రామీ వచ్చింది ‘హర్ట్’కి కాదు, ఈ పాటకే.

‘హర్ట్’లోనూ జరిగింది ఇలాంటిదే, కాకపోతే అడ్డంగా, ఒక గాయకుడి నుంచి ఇంకో గాయకుడికి. అది నైన్ ఇంచ్ నెయిల్స్ గాయకుడు ట్రెంట్ రెజ్నర్ ముప్పై కూడా నిండకముందు రాసింది. ‘అమెరికన్ రికార్డింగ్స్’కి నెల ముందు, 1994 మార్చిలో వచ్చిన ఆల్బమ్‌లో చివరి పాట. తనను తాను గాయపరుచుకుంటున్న మత్తుబానిస గొంతు అందులో ఉంటుంది. గిటారు వరసలో కావాలనే ఒక పొసగని స్వరం పెట్టాడు రెజ్నర్, పంటి కింద రాయిలా ప్రతిసారీ తగులుతుంది. క్యాష్ వెర్షన్‌లో ఆ రాయి తీసేశారు. పిల్లలు గిటారు క్లాసులో నేర్చుకునే మామూలు ‘కార్డ్స్’, అంటే కలిపి మీటే స్వరాలు. పాడేవాడి గొంతులోనే కావలసినంత అపశ్రుతి ఉంది మరి, గిటారులో ఎందుకు?

మాటల్లో మార్చింది ఒక్కటే. మూలంలో పెంట కిరీటం అన్నచోట క్యాష్ ముళ్ల కిరీటం అన్నాడు. బూతు తీసేసి భక్తి పెట్టాడని పైకి అనిపిస్తుంది. కానీ ఈ ఆల్బమ్ మొదటి పాటతో కలిపి చూడాలి. ‘ద మ్యాన్ కమ్స్ అరౌండ్’ ఆయన కొత్తగా రాసుకున్నది. దాని వెనక ఒక కల ఉంది. బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి వెళ్తే ఎలిజబెత్ రాణి ఆయన్ని చూసి, నువ్వు సుడిగాలిలో ముళ్లచెట్టులా ఉన్నావని అందట. ఆ మాట మనసులో మెదులుతూనే ఉండి, చివరికి బైబిల్లో యోబు గ్రంథంలో దాని జాడ పట్టుకున్నాడు. ఆ పాటలో ముళ్లచెట్టు ఉంది, తర్వాతి పాటలో ముళ్ల కిరీటం ఉంది. ప్రకటన గ్రంథం చదువుతూ మొదలై, తీర్పు రోజున ఎవరి లెక్క వాళ్లకి అప్పజెప్పడం గురించి పాడి, వెంటనే తన లెక్క తాను విప్పుతున్నాడు. రెండో పాట పరాయిదని తెలియనివాళ్లు ఆయనే రాశాడనుకోవడంలో వింతేముంది. వరసే అలా పేర్చారు.

కాలం కూడా మారింది. రెజ్నర్ పాడితే ఆ మాటలు ఈ రాత్రివి, ఇప్పుడే జరుగుతున్నవి. క్యాష్ 1960ల్లో యాంఫెటమీన్ అనే మత్తు బిళ్లలకు బానిసై, మానేసి, 1980ల్లో మళ్లీ పడి, చికిత్స చేయించుకున్నవాడు. అవే మాటలు ఆయన నోట్లో నలభై ఏళ్ల చిట్టాపద్దులయ్యాయి. ఆ పాట శబ్దం పెరిగే తీరు గమనించండి. చివరికొచ్చేసరికి పియానో ఒకే మెట్టును సుత్తితో కొట్టినట్టు కొడుతుంటుంది, మొత్తం సంగీతం గొంతు మీద పడి ముంచేయబోతుంది, సరిగ్గా అప్పుడు ఆగిపోతుంది. తగ్గించే రూబిన్ ఇక్కడ మాత్రం పెంచాడు. ఆ గొంతు మునిగిపోతుందేమోనన్న భయం మనలో పుట్టించడానికి.

ఇక మార్క్ రొమానెక్ తీసిన వీడియో. హెండర్సన్‌విల్‌లో ‘హౌస్ ఆఫ్ క్యాష్’ అని ఆయన మ్యూజియం ఒకటి ఉండేది. అప్పటికే మూతపడి, పాడుబడి ఉంది. రొమానెక్ దాన్ని బాగుచేయించలేదు, ఉన్నట్టే తీశాడు. కానీ ఉన్నట్టే తీసినదానికి పాత ఫిల్ములు అతికించి, విందుబల్ల పేర్చి, వైన్ ఒలికించాడు. చూడండి, మళ్లీ అదే కిటుకు. శిథిలం నిజం, దాని కూర్పు కళ. జూన్ మెట్ల మీద నిలబడి చూసిన ఆ చూపు మాత్రం ఎవరూ కూర్చింది కాదని నా నమ్మకం. రోగిష్టి మొగుణ్ని చూసే ఏ ఇల్లాలి కళ్లల్లోనైనా ఉండే చూపే అది. కానీ ముందు పోయింది ఆవిడే, 2003 మే 15న, గుండె ఆపరేషన్ తర్వాత. సెప్టెంబర్ 12న ఆయన. ఆ తర్వాత ఆ వీడియోని ఎవరూ మునుపటిలా చూడలేదు. జూన్ చూపులో వీడ్కోలు చదివాం, ఆయన కళ్లల్లో వైధవ్యం చదివాం. తీసిన రోజున ఆ రెండూ అందులో లేవు.

వినేవాళ్లే పాటకి చావుని తొడుగుతారన్నది తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఘంటసాల 1974లో కన్నుమూయడానికి ముందు భగవద్గీత పాడాడు. పని చేయమని చెప్పే గ్రంథం అది, యుద్ధభూమిలో నీరసించినవాణ్ని లేపి నిలబెట్టే మాటలు. ఈవేళ పొద్దున్నే పక్కవీధి మైకులో ఆ గొంతు వినిపిస్తే మనం ముందుగా అడిగే ప్రశ్న ‘ఎవరు పోయారు?’ పాడినవాడి ఉద్దేశం ఒకటి, ఊరు దానికి ఇచ్చిన ఉద్యోగం ఇంకొకటి.

‘అమెరికన్ ఫోర్’ని నెత్తిన పెట్టుకునేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది, అన్ని పాటలూ నిలబడవు. ‘బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్’, ‘డెస్పరాడో’ అందరి నోళ్లలో నలిగిపోయిన పాటలు. వాటికి క్యాష్ గొంతు ఏ కొత్త అర్థమూ ఇవ్వలేకపోయింది. ముసలి గొంతు ఏది తాకినా బంగారమైపోతుందన్న ధీమా రూబిన్‌కి అక్కడ కాస్త ఎక్కువైంది. ‘ఐ హంగ్ మై హెడ్’లో మాత్రం, తుపాకీ అనుకోకుండా పేలి మనిషి పోయాక ఉరికి తలవంచిన కుర్రాడి కథ, స్టింగ్ రాసిందన్న సంగతే మర్చిపోతాం. జైళ్లలో పాడిన మనిషి నోట్లో అది ఆయన పుట్టినూరి కథలా ఉంటుంది.

ఇంకో ఫిర్యాదు ఆయన్ని దగ్గర నుంచి చూసినవాళ్లదీ, నాలాంటి పాత రికార్డుల పిచ్చివాళ్లదీ. క్యాష్ అంటే చీకటి, హత్య, పశ్చాత్తాపం మాత్రమేనా? ఆయన పెద్ద హాస్యగాడు. కచేరీల్లో జనాన్ని పడీపడీ నవ్వించేవాడు, ‘ఎ బాయ్ నేమ్డ్ స్యూ’ లాంటి పరమ వెటకారపు పాటతో శాన్ క్వెంటిన్ ఖైదీల్ని ఊపేసినవాడు. రూబిన్ తగ్గిస్తూ తగ్గిస్తూ ఆ నవ్వుని కూడా తగ్గించేశాడు. నల్లరంగు మిగిలింది. ఈ మాటలో నిజం ఉంది. అయితే ఆ ఇద్దరి బంధాన్ని వ్యాపారంగా కొట్టిపారేయలేం. జబ్బు ముదిరాక క్యాష్, యూదుడిగా పుట్టిన ఈ గడ్డం కుర్రాడితో కలిసి రోజూ ఫోన్‌లో ప్రభురాత్రి భోజన సంస్కారం చేసేవాడు. అటు టెన్నెసీలో ఒకరు, ఇటు కాలిఫోర్నియాలో ఒకరు.

ఆయన పోయిన రెండు నెలలకి నాష్‌విల్ మేలుకుంది. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ 2003 అవార్డుల్లో ‘హర్ట్’కి ఉత్తమ సింగిల్, ఉత్తమ వీడియో, ‘అమెరికన్ ఫోర్’కి ఉత్తమ ఆల్బమ్. బతికున్నప్పుడు రేడియోలో చోటివ్వనివాళ్లు చప్పట్లు కొట్టారు. శ్రాద్ధానికి గారెలు వడ్డించడం అమెరికాలోనూ ఉంది.

దాంతో ఇదొక అచ్చుగా మారింది. వయసు మీరిన గాయకుడు, తన కంటే చిన్నవాడైన నిర్మాత, తక్కువ వాద్యాలు, చావు గురించి పాటలు. కొన్ని నిజంగా బాగున్నాయి. లొరెట్టా లిన్ 72 ఏళ్లప్పుడు జాక్ వైట్‌తో చేసిన ‘వ్యాన్ లియర్ రోజ్’ అందులో మేటి. అక్కడ పాటలు ఆవిడ సొంతవి, గొంతులో దిగులు కంటే పొగరు ఎక్కువ. గ్లెన్ క్యాంప్‌బెల్ 2011లో తనకి అల్జీమర్స్ ఉందని చెప్పి మరీ ఆల్బమ్ వేసి పర్యటనకు బయల్దేరాడు, కూతురు పక్కన బ్యాంజో వాయిస్తూ ఉంటే. విల్లీ నెల్సన్ ఈ అచ్చుని తిరగేసి నవ్వాడు. ఇంటర్నెట్‌లో తను పోయాడని మాటిమాటికీ పుకార్లు పుడుతుంటే, 84వ ఏట, పొద్దున లేచి చూసుకున్నాను, ఇవాళ కూడా చావలేదని ఒక పాటే రాసి పాడాడు. క్యాష్‌కి ఆప్తమిత్రుడు, ‘హైవేమెన్’ బృందంలో పక్కన నిలబడి పాడినవాడు. రూబిన్ పక్కన పెట్టిన నవ్వు నెల్సన్ దగ్గర భద్రంగా ఉన్నట్టనిపిస్తుంది నాకు.

పూర్తిగా పక్కన పెట్టాడనీ అనలేం లెండి. జూన్ పోయాక క్యాష్ పని అడిగాడు. ఖాళీగా ఉంటే బతకలేనని, రోజూ ఏదో ఒకటి రికార్డు చేద్దామని. ఆ వేసవి అంతా కేబిన్‌లో, వీలైన రోజున వీలైనంత పాడాడు. ఆ పాటల్లో కొన్నిటికి ఆయన పోయిన తర్వాత లాస్ ఏంజెలెస్‌లో సంగీతకారులు కూర్చుని, చెవుల్లో ఆయన గొంతు పెట్టుకుని, దాని వెంట వాయించారు. పక్కవాద్యగాళ్లు గాయకుడి కళ్లల్లోకి చూసి ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ సాగుతాడో పట్టుకుంటారు. ఇక్కడ చూడటానికి కళ్లు లేవు. ఊపిరి తీసుకునే చప్పుడే సైగ. 2006లో ‘అమెరికన్ ఫైవ్: ఎ హండ్రెడ్ హైవేస్’గా వచ్చిన ఆ ఆల్బమ్ అమెరికా మొత్తం జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. 1969లో శాన్ క్వెంటిన్ తర్వాత ఆయనకి అదే మొదటిసారి.

అందులో ‘లైక్ ద 309’ అని ఒక పాట ఉంది. క్యాష్ రాసిన చివరి పాట అదే. 1955లో ఆయన మొట్టమొదటి రికార్డుకి ఒక పక్కన ఉన్న ‘హే పోర్టర్’ కూడా రైలు పాటే. టెన్నెసీ ఇంకెంత దూరం, ఇంకెంత దూరం అని ఇంటికెళ్తున్న కుర్రాడు రైల్లో పోర్టర్‌ని ఊపిరాడనివ్వకుండా అడుగుతుంటాడు. ఈ చివరిదాంట్లో ఆయన వెళ్లేది 309 నంబరు రైల్లో, పెట్టెలో పడుకుని. రైలు కూత వినపడేదాకా ఏడవను, మూలగను అంటాడు. మధ్యలో ఒకచోట ఆయాసం రైల్లా వచ్చేస్తోందని పాడి, మైక్ ముందే గుర్రుమని ఎగపీల్చి వినిపిస్తాడు. రోగం రైలింజను శబ్దమైపోతుంది. వినేవాడికి నవ్వొస్తుంది. ఆయన నవ్వించడానికే చేశాడు.